ఆసుపత్రి ఎదురుగా సుషీ

లిఫ్టుల మెకానిక్‌కి కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఇంట్లో టీవీ కూడా నిలబడే చూస్తాడు. పెళ్ళయిన కొత్తలో భార్య దానికి నవ్వేది, తర్వాత విసుక్కునేది. చివరికి అలవాటు పడిపోయి, ఆయన నిలబడే చోటుకు అందేలా అలమారా మీద టీ కప్పు పెట్టుకోవడానికి కాస్త జాగా ఖాళీ చేసిపెట్టింది.

అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్నుంచీ ఆసుపత్రి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాడు. లోపల ఒక ఆపరేషన్ థియేటర్లో ఆయన భార్య ఉంది. పక్క థియేటర్లో ఆమె తమ్ముడు ఉన్నాడు. అక్క కిడ్నీ ఒకటి తీసి తమ్ముడికి పెడుతున్నారు.

తమ్ముడి భార్య ఆ హాల్లోనే ఓ మూల కుర్చీలో కూర్చుని ఉంది. వరసకు చెల్లెలు కాబట్టి మెకానిక్ ఆమెను "చెల్లెమ్మా" అని పిలుస్తాడు. ఈమధ్య ఆ పిలుపు తగ్గిపోయింది. బావమరిది జబ్బు సంగతి బయటపడ్డాక రెండిళ్ళ మధ్య మాటలన్నీ ఆయన భార్య ద్వారానే నడిచాయి. ఎక్కడైనా ఎదురుపడితే ఆయన "బాగున్నారా" అనేవాడు, జవాబు వినకుండానే పక్కకు తప్పుకునేవాడు.

చెల్లెమ్మ కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. ఈ ఫ్రేము మీకు నప్పుతుందండీ, ఇది ముక్కు మీంచి జారదండీ అంటూ రోజంతా కొత్తవాళ్ళతో మాట్లాడటమే ఆమె ఉద్యోగం. భయం వేస్తే ఆ మాటలు ఇంకా ఎక్కువవుతాయి. ఆయనకేమో భయం వేస్తే నోరు మూతపడి కాళ్ళు ఆడతాయి. పొద్దున్నుంచీ ఆమె మాట్లాడుతూనే ఉంది, ఆయన నడుస్తూనే ఉన్నాడు. ఒకరు ఆగితే బాగుండునని ఇంకొకరు మనసులో అనుకుంటూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి మాటలు ఆగిపోయాయి. మెకానిక్ తిరిగి చూసేసరికి చెల్లెమ్మ కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఆయన చేరేలోగానే నర్సు వచ్చి భుజం పట్టుకుంది.

"ఎప్పుడు తిన్నారమ్మా మీరు?"

"నిన్న మధ్యాహ్నం... కాదు, నిన్న పొద్దునేమో."

నర్సు మెకానిక్ వైపు తిరిగింది. "మీరు ఈవిడకేమవుతారు?"

"అన్నయ్యని." ఆ మాట నోట్లోంచి ఊడిపడటానికి కాస్త టైము పట్టింది.

"అన్నయ్య అయ్యుండి ఇదా చూసుకోవడం? ముందు బయటికి తీసుకెళ్ళి ఏదైనా తినిపించండి. మీరూ తినండి. మా క్యాంటీన్లో ఇవాళ పొయ్యిలు రిపేరు. ఏదైనా సంగతుంటే మేమే ఫోన్ చేస్తాం. మీరిక్కడ ఎంత తిరిగినా లోపల డాక్టరుగారి చెయ్యి ఒక్క పిసరు కూడా తొందరగా కదలదు."

రోడ్డుకు అవతల ఒక మందుల షాపు, ఒక పూలకొట్టు, వాటి మధ్య ఇరుక్కున్నట్టు ఒక సుషీ హోటల్ ఉన్నాయి. గుమ్మానికి సగం దాకా నీలం గుడ్డ వేలాడుతోంది.

"ఇక్కడ పచ్చి చేపలు పెడతారట అన్నయ్యా. మా షాపుకొచ్చే ఒకావిడ చెప్పింది. అన్నం మీద పచ్చి చేప ముక్క పెట్టి అలాగే ఇచ్చేస్తారట, పొయ్యి అనే మాటే లేదట. పచ్చిది తింటే మనకు పడుతుందో పడదో, ఇవాళ మనం కూడా ఆసుపత్రి పాలైతే..."

మెకానిక్ రోడ్డు ఈ చివర చూశాడు, ఆ చివర చూశాడు. ఇంకో హోటల్ కనపడలేదు. ఆసుపత్రి గేటు మాత్రం ఇక్కణ్ణుంచి బాగా కనపడుతోంది.

"ఇక్కడే," అన్నాడు.

పక్కకు జరిపే చెక్క తలుపు సగంలో పట్టేసింది. ఆయన గట్టిగా తోస్తే గరగరమంటూ తెరుచుకుంది. ఇద్దరూ లోపల కాలు పెట్టారో లేదో, "ఇరాషైమాసే!" అని రెండు గొంతులు ఒక్కసారిగా అరిచాయి. మెకానిక్ అదిరిపడి వెనక్కి అడుగేసి చెల్లెమ్మ కాలు తొక్కాడు.

"ఏమైంది? ఏమైందండీ?"

"ఏం కాలేదు. రండి రండి అన్నాం, అంతే." నవ్వుతూ ఎదురొచ్చిన మనిషి ఆ హోటల్ ఓనరమ్మ. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, తెల్లటి ఏప్రను. ఆవిడ ఇక్కడి భాష బాగానే మాట్లాడుతుంది, కాకపోతే ప్రతి మాటనూ చివర కత్తెరతో తుంచినట్టు వదిలేస్తుంది. బల్ల అవతల తలకు గుడ్డ కట్టుకుని నిలబడ్డ గుండ్రటి మనిషి ఆవిడ భర్త, వంటాయన. ఆయనకు నాలుగు ముక్కలు మించి రావని తర్వాత తెలిసింది. ఆ లోటును ఆయన తల ఊపడంతో, కనుబొమలతో పూడ్చుకుంటాడు.

ఓనరమ్మ చూపు ఇద్దరి బట్టల మీదున్న ఆసుపత్రి స్టిక్కర్ల మీద పడింది. ఆవిడ ఏమీ అడగలేదు. లోపలి వైపు ఖాళీగా ఉన్న కుర్చీలు వదిలేసి, కిటికీ పక్కన బల్ల చివరికి తీసుకెళ్ళింది. "ఇక్కడ కూర్చోండి. గేటు కనపడుతుంది. ఫోన్ బల్ల మీద పెట్టండి. సౌండు పెద్దగా పెట్టండి. ఎవరూ ఏమీ అనరు." ముందు టీ కప్పులు ఉంచి, వేడివేడిగా చుట్టిన చిన్న తువ్వాళ్ళు ఇద్దరి చేతుల్లో పెట్టింది. చెల్లెమ్మ తన తువ్వాలు మొహానికి ఆనించుకుని అలాగే ఉండిపోయింది.

"ఎవరు లోపల?" అని అప్పుడు అడిగింది ఓనరమ్మ, మెల్లగా.

"మా ఆయన," అంది చెల్లెమ్మ తువ్వాలు వెనక నుంచి.

"మా ఆవిడ," అన్నాడు మెకానిక్.

ఓనరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ భార్యాభర్తలు కారా?"

"అయ్యో, అన్నయ్యండీ!" చెల్లెమ్మ తువ్వాలు తీసేసి గబగబా చెప్పుకొచ్చింది. "అంటే సొంత అన్నయ్య కాదు, మా ఆయనకు బావ. ఈయన భార్య మా ఆయనకు అక్క, నాకు వదిన. మా వదిన కిడ్నీ మా ఆయనకు పెడుతున్నారు. రెండు ఆపరేషన్లూ ఇవాళే."

ఓనరమ్మ దాన్నంతా వాళ్ళ భాషలో భర్తకు చెప్పింది. ఆయన వింటూ తన నడుముకు అటొకసారి ఇటొకసారి వేలు పెట్టి చూపించాడు, ఒకటి ఇక్కణ్ణుంచి అక్కడికా అన్నట్టు. ఆవిడ అవునంది. ఆయన చేతిలో కత్తి కింద పెట్టి, వాళ్ళిద్దరి వైపూ తిరిగి తల బాగా వంచాడు. మెకానిక్‌కి ఏం చెయ్యాలో తెలియక తనూ తల వంచబోతే నుదురు టీ కప్పుకు తగిలింది.

వంటాయన మొదట చెల్లెమ్మకు వేడి సూపు పోసి ఇచ్చాడు. తర్వాత తియ్యటి గుడ్డట్టు ముక్క అన్నం మీద పెట్టి, నల్లటి నాచు పట్టీ చుట్టి అందించాడు. పచ్చిది వద్దని ఆమె అనకముందే ఆయనకు అర్థమైనట్టుంది. మెకానిక్ ముందు మాత్రం గులాబీ రంగు చేప ముక్క పెట్టాడు. పక్కనే పచ్చటి ముద్ద కనపడితే ఏదో చట్నీ అనుకుని మెకానిక్ వేలు పెట్టబోయాడు. ఓనరమ్మ ఆ ముద్దను చటుక్కున పక్కకు లాగేసింది. "ఇది వసాబి. చాలా ఘాటు. ఇవాళ మీకొద్దు."

ఆయన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నీచు వాసన తగులుతుందని ఊపిరి బిగబట్టాడు గాని, ఏమీ తగల్లేదు. అన్నం చల్లగా ఉంటుందనుకున్నాడు, అదీ కాదు. ఒంటి వేడిగా ఉంది, ఎవరో అరచేతిలో పట్టుకుని ఉంచినట్టు. నమిలాడు, మింగాడు. వెంటనే లేచి కిటికీ దగ్గరికెళ్ళి గేటు చూశాడు. గేటు దగ్గర ఏమీ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. వచ్చి కూర్చున్నాడు. కూర్చుని ఫోన్ తిప్పి చూశాడు. మళ్ళీ లేచాడు.

వంటాయన ఒక్కో ముక్కే చేస్తున్నాడు. ఒకటి తిన్నాక ఇంకొకటి. మెకానిక్ లేచినప్పుడల్లా ఆయన చెయ్యి ఆగుతోంది, కూర్చోగానే మళ్ళీ కదులుతోంది.

"కూర్చోండి అన్నయ్యా. ఆయన పాపం ఆగిపోతున్నాడు," అంది చెల్లెమ్మ. సూపు లోపలికెళ్ళేసరికి ఆమెకు మాటలు తిరిగొచ్చాయి. "ఈ గుడ్డు ఎంత మెత్తగా ఉందో చూశారా? మా ఆయన తెప్పరిల్లాక ఇక్కడికి తీసుకురావాలి. ఉడికినవి తినొచ్చంటారేమో డాక్టర్ని అడగాలి. ఆయనకు చేపలంటే ప్రాణం కదా."

"ప్రాణం మీద తీపి ఉన్నవాడైతే మాత్రలు వేసుకునేవాడు," అన్నాడు మెకానిక్.

అనాలని అనలేదు. ఫోన్ వైపు చూస్తూ, నోటికి కాపలా లేని క్షణంలో జారిపోయింది. చెల్లెమ్మ చేతిలో ముక్క గిన్నెలో పడింది. ఓనరమ్మ ఇంకో మూల బల్ల తుడవడానికి వెళ్ళిపోయింది.

మెకానిక్ అన్న మాట నిజమే. బావమరిదికి రక్తపోటు ఉందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. అతను పెళ్ళిళ్ళలో, ఫంక్షన్లలో మైకు పట్టుకుని జనాన్ని నవ్వించే మనిషి. నాకేం, దున్నలా ఉన్నాను అని మాత్రలు మానేశాడు. తల తిరిగితే నిద్ర చాల్లేదన్నాడు, కాళ్ళు వాస్తే చెప్పులు బిగుతన్నాడు. తెలిసేసరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి.

"ఆగిపోయారేం? అనండి అన్నయ్యా," అంది చెల్లెమ్మ. ఆమె గొంతు మారింది. షాపులో కస్టమర్లతో మాట్లాడే గొంతు కాదిది. "ఎన్నాళ్ళ నుంచో అనాలనుకుంటున్నారు. అనేయండి."

"ఏముంది అనడానికి?"

"ఉంది. మిమ్మల్ని చూస్తే తెలీదా?"

మెకానిక్ టీ కప్పును బల్ల మీద ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "మా ఆవిడ ఇంట్లో బీరువా ఇటు నుంచి అటు జరపాలన్నా నన్నడుగుతుంది. కర్టెన్ల రంగు అడుగుతుంది. దీనికి మాత్రం అడగలేదు. చెప్పింది. నేను పనిలో ఉంటే ఫోన్ చేసి, 'మా తమ్ముడికి నాదే సరిపోయిందటండీ, ఇచ్చేస్తున్నాను' అంది. నేను అప్పుడు లిఫ్టు కప్పు మీద నిలబడి ఉన్నాను. చుట్టూ చీకటి, చేతికి గ్రీజు. 'సరే' అన్నాను. ఇంకేమంటాం? ఆ రోజు నుంచి ఆ 'సరే' ఇక్కడ అడ్డం పడి ఉంది." గొంతు మీద వేలు పెట్టి చూపించాడు.

"అడిగితే ఏమనేవారు?"

"వద్దనేవాణ్ణి."

"అందుకే అడగలేదు."

ఆయనకు కోపం వచ్చింది, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "వాడు చేసుకున్నదానికి ఆవిడ కడుపు కోయించుకోవాలా?" అన్నాడు.

"మీకు కోపమొస్తే లోకమంతా న్యాయమే అంటుంది," అంది చెల్లెమ్మ. ఆమె పెదాలు వణుకుతున్నాయి. అది ఏడుపు కాదని ఆయనకు కాసేపటికి గాని తెలియలేదు. "మరి నాకు రాదా? నేను ఎవరి మీద పడాలి? రోజూ మాత్ర, మంచినీళ్ళు చేతిలో పెట్టి ఎదురుగా నిలబడేదాన్ని. మింగినట్టు నటించేవాడన్నయ్యా! గుటక కూడా వేసేవాడు. ఒకరోజు బూట్లు ఎండలో పెడదామని బోర్లిస్తే లోపల్నుంచి మాత్రలు రాలాయి. అడిగితే 'బూట్లకు కూడా బీపీ ఉందే' అని జోకు! అప్పుడు నేనూ నవ్వాను. నవ్వాను చూడండీ, అది తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. జబ్బు మనిషి కదా అని ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. వాడు బాగైతే... వాడు ఒక్కసారి బాగైతే చెప్తా వాడి సంగతి!"

మొగుణ్ణి ఆమె 'వాడు' అనడం మెకానిక్ ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా విన్నట్టు లేదు. చటుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక నుంచి ముందు ఒక ఎక్కిలి, తర్వాత నవ్వు వచ్చాయి. మెకానిక్ కూడా ముక్కుతో ఒక శబ్దం చేశాడు, అది నవ్వో కాదో ఆయనకే తెలియదు.

"బూట్లలోనా?" అన్నాడు.

"రెండింటిలోనూ!"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

ఆయన ఫోనే. నర్సు గొంతు. మీ ఆవిడ ఆపరేషన్ అయిపోయింది, బాగున్నారు, తెలివి వచ్చే గదిలోకి మార్చాం అంది. "వస్తున్నా," అని ఆయన ఆమె మాట పూర్తికాకుండానే ఫోన్ జేబులో వేసుకున్నాడు. తలుపు మళ్ళీ సగంలో పట్టేసింది. భుజంతో తోసి బయటపడి, బస్సు హారను కొడుతున్నా వినకుండా రోడ్డు దాటాడు.

అక్కడ లోపలికి రానివ్వలేదు. ఇంకా మత్తులోనే ఉన్నారు, లేచాక పిలుస్తాం అన్నారు. తలుపుకున్న అద్దంలోంచి ఆయనకు ఒక మంచం అంచు, దుప్పటి కింద రెండు పాదాలు కనపడ్డాయి. ఎడమ కాలి మడమ పగుళ్ళు చూసి, అవి ఆవిడ పాదాలే అని గుర్తుపట్టాడు.

"మరి మా బావమరిది?" అని అడిగాడు వెళ్ళబోతున్న నర్సును. తను అడిగినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

నర్సు తడబడింది. "కిడ్నీ కలిపారండీ. రక్తం సరిగ్గా పారట్లేదట. ఆ నాళాన్ని విప్పి మళ్ళీ కుడుతున్నారు. కాస్త టైము పడుతుంది. వాళ్ళావిడకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాం."

ఇక ఆయన అక్కడ నిలబడలేదు.

హోటల్లో చెల్లెమ్మ బల్లల మధ్య ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఓనరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది. ఇంకో బల్ల దగ్గర తింటున్న వాళ్ళు కూడా తినడం ఆపేశారు. మెకానిక్‌ని చూడగానే చెల్లెమ్మ అంది: "రక్తం ఆడట్లేదట అన్నయ్యా. వదిన ఇచ్చింది ఇచ్చినట్టే వృథా అయిపోతే? నేను మీ మొహం ఎలా చూడాలి? వదిన లేచి అడిగితే ఏం చెప్పాలి?"

పొద్దున్నుంచీ ఆయన మనసులో ఒకే థియేటర్ ఉంది. ఆవిడ బయటపడితే చాలు, రెండోది ఎలాగైనా పోనీ అనుకోలేదు గాని, దాని గురించి అనుకోనూ లేదు. ఇప్పుడు ఆవిడ బయటికొచ్చేసింది. అయినా ఆవిడ ఇంకా లోపలే ఉంది. ఆవిడ ఒంట్లో ఇన్నేళ్ళూ ఉన్నది, ఆవిడతో పాటు ఆయన ఇంట్లో తిరిగినది, ఆవిడ జ్వరాలూ కాన్పూ చూసినది ఒకటి ఆ లెక్కలేని మనిషి కడుపులో రక్తం కోసం చూస్తోంది. "ఒరే, పట్టుకోరా," అనుకున్నాడు. బావమరిదితోనో, దేవుడితోనో, ఆ డాక్టరు చేతులతోనో తెలియదు. "పట్టుకో. వదిలావంటే చూడు."

"కూర్చో చెల్లెమ్మా," అన్నాడు. "మా ఆవిడ బాగుంది. కాళ్ళు చూశాను. నువ్వు కూర్చో."

"వెళ్దాం అన్నయ్యా. అక్కడే ఉందాం."

"అక్కడ కూర్చోనివ్వరు, నిలబడనివ్వరు. ఈ గిన్నెలోది తిని వెళ్దాం. మళ్ళీ పడిపోయావంటే నర్సు నన్ను తంతుంది."

ఆమె కూర్చుంది. ఆయన జాగాలో పళ్ళెం మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. తీస్తే పళ్ళెం ఖాళీగా ఉంది. "మీరొచ్చాకే చేస్తానన్నారు," అంది ఓనరమ్మ. "ముందే చేసి పెడితే అన్నం చల్లారుతుంది." వంటాయన అప్పటికే చేతులు తడిచేసుకుని అన్నం తీస్తున్నాడు. చెల్లెమ్మ కోసం ఈసారి ముద్దలు సగానికి సగం చిన్నవి చేశాడు, నమిలే ఓపిక లేనివాళ్ళకు చేసినట్టు. కాల్చిన చేప పలుచగా పెట్టాడు. ఆమె ముందు పెట్టి, "కొంచెం," అన్నాడు. ఆయనకు వచ్చిన నాలుగు ముక్కల్లో అదొకటి. ఆమె తింది. ఇంకొకటి పెట్టి మళ్ళీ, "కొంచెం," అన్నాడు.

మెకానిక్ తినలేకపోయాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని లేచి, కిటికీ దాకా వెళ్ళి, అది మింగి, వెనక్కి వచ్చాడు. ఇలా ఎన్నిసార్లు తిరిగాడో. ఆ మధ్యలో ఎవరో కస్టమరు బయటికెళ్తుంటే తలుపు మళ్ళీ గరగరమంది. ఆ శబ్దం నేరుగా ఆయన నరాల మీద పడింది.

"ఈ తలుపు కింద చక్రం అరిగిందండీ. ఒకసారి చూడనా?" అని ఓనరమ్మను అడిగాడు.

"మీరు అతిథి. మీరెందుకు?"

"కూర్చోలేకపోతున్నానమ్మా."

ఆవిడ ఆయన మొహం చూసి, వెళ్ళి ఒక స్క్రూడ్రైవరు, కత్తుల పెట్టెలో ఉన్న నూనె సీసా తెచ్చి ఇచ్చింది. మెకానిక్ నేల మీద మోకరిల్లి తలుపు ఎత్తి పక్కకు ఆనించాడు. చక్రంలో దారప్పోగులు, వెంట్రుకలు, ఎండిపోయిన అన్నం మెతుకులు చుట్టుకుపోయి ఉన్నాయి. గోటితో ఒక్కొక్కటీ లాగాడు. చేతులకు పని దొరికేసరికి ఊపిరి కాస్త ఆడింది. తలుపు లేని గుమ్మంలోంచి రోడ్డు రొద అంతా లోపలికొచ్చింది. ఆ రొదలో చెల్లెమ్మ మాటలు వినపడుతున్నాయి. బూట్ల సంగతి ఓనరమ్మకు మళ్ళీ మొదట్నుంచి చెబుతోంది. ఓనరమ్మ, మా ఆయన కూడా అంతే, పంటి నొప్పి దాచి దాచి చెంప ఇంత చేసుకున్నాడు అంటోంది. తన గురించే అని వంటాయనకు తెలిసిపోయినట్టుంది, బల్ల వెనక నుంచి ఏదో గొణిగాడు.

మెకానిక్ తలుపు ఎత్తి గాడిలో పెడుతున్నాడు. బల్ల మీద చెల్లెమ్మ ఫోన్ మోగింది.

ఆమె దాన్ని చూసింది గాని చెయ్యి చాపలేదు. "మీరు... మీరు ఎత్తండన్నయ్యా."

ఆయన తలుపు అలాగే వదిలేసి, నూనె చేతులతోనే ఫోన్ తీశాడు. ఈసారి మగగొంతు. డాక్టరుగారు స్వయంగా. మెకానిక్ వింటున్నాడు. "ఊఁ," అన్నాడు. "ఊఁ. అంటే? ... ఊఁ." చెల్లెమ్మ ఆయన మొహంలోకి చూడలేక ఆయన చొక్కా గుండీల వైపు చూస్తోంది. కస్టమర్లకు అద్దాలు పెట్టేటప్పుడు కూడా మనుషుల కళ్ళలోకి సూటిగా చూసే మనిషి ఆమె.

"మూత్రం వచ్చిందట!" అన్నాడు మెకానిక్.

హోటలంతా వినపడింది. తింటున్నవాళ్ళ చేతులు మధ్యలో ఆగాయి.

"ఏంటన్నయ్యా?"

"మూత్రం! నాళం మళ్ళీ కుట్టగానే రక్తం పారిందట. పారగానే కిడ్నీ పని మొదలుపెట్టిందట. బల్ల మీదే, డాక్టరుగారి చేతుల్లోనే మూత్రం వచ్చేసిందట!" ఆయన గొంతు చీరుకుపోతోంది. "మా ఆవిడది కదా! పని అంటే ఆగదు!"

చెల్లెమ్మ కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, బల్ల మీద తల ఆనించింది. ఓనరమ్మ భర్తకు గబగబా చెప్పింది. ఆయన మొదట అర్థం కానట్టు చూశాడు, తర్వాత రెండు చేతులూ పైకెత్తి, వాళ్ళు లోపలికి వచ్చినప్పుడు అరిచినదానికంటే పెద్దగా ఏదో అరిచాడు. మూల బల్ల దగ్గరున్న ముసలాయన, ఎవరి కథో ఏం కథో తెలియకుండానే, చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత మెకానిక్‌కి ఆకలేసింది. అలాంటి ఆకలి ఎప్పుడెరుగుదునా అని ఆయన తర్వాత చాలాసార్లు తలుచుకున్నాడు. ఎర్ర చేప, తెల్ల చేప, రొయ్య, నాచులో చుట్టిన దోసకాయ, పేరు తెలియనివి ఏవేవో, వంటాయన పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. నిలబడే తిన్నాడు. చెల్లెమ్మ ఒక పచ్చి ముక్క తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకుంది. నమిలి కళ్ళు తెరిచి, "ఏం లేదన్నయ్యా! ఊరికే భయపడ్డాను," అంది. తిన్నదంతా తిన్నాక, తలుపు సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆయన వెళ్ళి దాన్ని గాడిలో కూర్చోబెట్టి వచ్చాడు.

ఆసుపత్రిలో ఇద్దర్నీ వేరువేరు వార్డుల్లో పెట్టారు. చెల్లెమ్మను భర్త గది దగ్గరకు ఒక నర్సు తీసుకెళ్ళింది. మెకానిక్ కూడా వాళ్ళ వెనకే నడిచాడు.

"మీ ఆవిడ అటు వైపండీ," అంది నర్సు.

"తెలుసు. వస్తా."

అద్దం అవతల బావమరిది ముక్కులో గొట్టాలతో, పెదాలు ఎండిపోయి పడుకుని ఉన్నాడు. మైకు పట్టుకున్నప్పుడు అంతెత్తు కనపడే మనిషి మంచంలో సగమే ఉన్నట్టున్నాడు. మంచం పక్కన వేలాడుతున్న సంచీలోకి లేత పసుపు నీళ్ళు బొట్టు బొట్టుగా దిగుతున్నాయి. మెకానిక్ ఆ బొట్లనే చూస్తూ నిలబడ్డాడు. ఒక బొట్టు కాస్త ఆలస్యమైతే ఆయన పిడికిలి బిగుసుకుంటోంది, పడగానే వదులవుతోంది. పక్కన చెల్లెమ్మ అద్దానికి అరచెయ్యి ఆనించి, లోపలికి వినపడదని తెలిసినా, మొగుణ్ణి తిడుతోంది. తిట్టినకొద్దీ ఆమె మొహం తేటపడుతోంది.

భార్య దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు తెరిచి ఉంది. గొంతు రాక గుసగుసగా అడిగింది: "వాడెలా ఉన్నాడు?"

ఇన్ని నెలల్లో ఆవిడ ఆ ప్రశ్న ఎన్నోసార్లు అడిగింది, ఆయన ప్రతిసారీ "నాకేం తెలుసు" అనేవాడు. ఈసారి మంచం మీదికి వంగి అన్నాడు: "పోస్తున్నాడు. బాగా పోస్తున్నాడు. ఇప్పుడే చూసొచ్చాను."

ఆవిడ నవ్వబోయి, కుట్లు లాగి, మూలిగింది. "నవ్వించకండి," అంది. మళ్ళీ తనే, "ఏమైనా తిన్నారా?" అంది.

"తిన్నాను. నువ్వూ, నేనూ, చెల్లెమ్మా, వాడూ ఒకసారి వెళ్ళాలి. ఎదురుగానే." ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. నన్ను అడగాల్సింది అనాలనుకున్నాడు. ఇప్పుడు కాదు, ఆవిడ లేచి తిరిగాక, వంటింట్లో నిలబడి అంటాడు. ఆవిడ కూడా దానికి తగ్గట్టు జవాబు చెబుతుంది. ఆ గొడవ రెండు రోజులైనా నడుస్తుంది. నడవాలి కూడా.

ఆవిడ మళ్ళీ నిద్రలోకి జారుకుంది. ఆయన దుప్పటి కిందికి లాగి పాదాలు కప్పాడు. కుర్చీ ఉంది, కూర్చోలేదు. నడవాలోకి వచ్చి అటు వార్డుకు వెళ్ళి సంచీ చూశాడు, నిండుతోంది. తిరిగి ఇటు వచ్చి ఆవిడ ఊపిరి చూశాడు, ఆడుతోంది. మళ్ళీ అటు వెళ్ళాడు.

"ఏదో ఒక చోట ఉండండి సార్," అంది డ్యూటీలో ఉన్న నర్సు. మధ్యాహ్నం తిట్టిన నర్సే.

"ఎక్కడుండమంటారు చెప్పండి? రెండు చోట్లా మా ఆవిడే ఉంది కదా," అన్నాడు మెకానిక్.

ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. డాక్టర్లు ఇంకా గండం పూర్తిగా గడిచినట్టు కాదని, కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలని చెప్పారు. ఆ కొన్నాళ్ళూ ఆయన ఆ నడవాలో అలాగే తిరిగాడు. రోజూ మధ్యాహ్నం మాత్రం చెల్లెమ్మ వచ్చి, "పదండన్నయ్యా, వాళ్ళు ఎదురుచూస్తుంటారు," అని చొక్కా పట్టుకుని రోడ్డు దాటించేది.